దేవుడి పేరు మీద దాచుకున్న డబ్బు

మా ఇంట్లో డబ్బు దాచుకోవడానికి చోటు లేదు. ఇల్లు చిన్నదని కాదు, ఎక్కడ పెట్టినా నాన్నకు దొరికేసేది. పోపుల పెట్టెలో మెంతుల కింద పెడితే దొరికింది. బియ్యం డ్రమ్ము అడుగున పెడితే దొరికింది. నా లెక్కల పుస్తకానికి వేసిన అట్ట లోపల పెడితే ఆ సాయంత్రానికే దొరికింది. ఆయన ఇల్లంతా గాలించే మనిషి కూడా కాదు. అవసరం పడగానే చెయ్యి తిన్నగా అక్కడికే వెళ్ళేది. అమ్మ అడిగితే, "ఇంట్లో డబ్బు ఇంట్లోవాడే తీశాడు, దొంగలేం పడలేదు గదా!" అని నవ్వేవాడు.

నాన్నను దుర్మార్గుడని చెప్పగలిగితే నాకు ఎంతో హాయిగా ఉండేది. ఆయన అమ్మ మీద ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. సాయంత్రం కాస్త పుచ్చుకున్నా బుద్ధిగా ఇంటికొచ్చి, పెట్టింది తిని పడుకునేవాడు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని అందరికంటే ముందు గుడికి వెళ్ళేవాడు. సంఘ పెద్దల్లో ఒకడు, పేటలో మంచివాడన్న పేరు. అలాంటి మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం చాలా కష్టం. ఆ కష్టం నేను ఇన్నేళ్ళుగా పడుతూనే ఉన్నాను.

మాది కొవ్వూరుకి దిగువన కాలవ గట్టు మీది ఊరు. పేట చివర మా గుడి. బడిలో చర్చి అని చెప్పేవాళ్ళం గాని, పేటలో అందరం గుడి అనే అంటాం. నాన్న చెయ్యి పడని చోటు మా ఇంట్లో ఒకటి ఉందంటే, అది ఆ గుడి చలవే. ఆ చోటు, పొయ్యి పక్క గూట్లో ఉండే సమాజం డబ్బా.

సమాజం అంటే మా గుడి స్త్రీల సమాజం. పేటలో ప్రతి ఇంట్లోనూ ఇల్లాలు బియ్యం కొలిచాక, ఎసట్లో పొయ్యబోయే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వెయ్యాలి. ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళందరూ తమ డబ్బాలు తెచ్చి గుడి వెనక గోనెసంచిలో పోస్తారు. పాస్టరు అయ్యగారి ఇంటికి కొంత ఇచ్చి, మిగిలింది అమ్మి, ఆ డబ్బు బ్యాంకులో జమ చేస్తారు. మా అమ్మమ్మ కాలంలో ఆ డబ్బు మొత్తం గుడి పనులకే పోయేదట. అమ్మ కాలానికి వచ్చేసరికి ఆడవాళ్ళకు కాస్త తెలివి వచ్చింది. ఒకరి పురుటికి, ఇంకొకరి పిల్లల ఫీజుకి, ఒకావిడ కంటి ఆపరేషన్‌కి, నూటికి రూపాయి వడ్డీ మీద తమలో తాము ఇచ్చుకోవడం మొదలుపెట్టారు. బయట అడిగితే అయిదు రూపాయలు, పైగా తాకట్టు. ఇక్కడ తాకట్టు లేదు, నోటు లేదు, మొగుడి సంతకం లేదు. ఎవరికి ఇవ్వాలో గుడి వెనక నిలబడి నాలుగు మాటల్లో వాళ్ళే తేల్చుకునేవారు. మగవాళ్ళకు ఈ సంగతి తెలియదు. వాళ్ళ దృష్టిలో అది దేవుడి సొమ్ము, అంతే.

ఒకసారి ముసురు పట్టి వారం రోజులు పనుల్లేక ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. నాన్న గూటి వైపు చూసి, "సమాజం డబ్బాలో ఉన్నట్టున్నాయి గదే," అన్నాడు. అమ్మ పొయ్యి ఊదుతూ తలైనా తిప్పకుండా, "తియ్యి. దేవుడి సొమ్ము తింటే ఏమవుద్దో నీకు తెలీదా ఏంటి?" అంది. నాన్న చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని చెంపలు వేసుకున్నాడు. ఆ పూట పక్కింట్లో బియ్యం బదులు తెచ్చుకుని వండుకున్నాం. డబ్బా నిండుగా అలాగే ఉంది.

ఆకలి మీద ఉన్నదాన్ని కాబట్టి నాకు ఒళ్ళు మండింది. నాన్న బయటికి వెళ్ళాక, "దేవుడు బియ్యం ఏం చేసుకుంటాడే?" అని అడిగాను. అమ్మ నవ్వింది. "ఆయనేం చేసుకోడు. మనదని చెప్తే మీ నాన్న ఊరుకోడు, ఆయనదని చెప్తే ఊరుకుంటాడు. అందుకని ఆయన పేరు చెప్తాం," అంది. అమ్మను అంత తెలివైన మనిషిగా నేను అప్పుడే మొదటిసారి చూశాను. చాలా గర్వపడ్డాను కూడా.

నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా మా చుట్టుపక్కల వరిచేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులైపోయాయి. అమ్మ వరి ఊడ్పుల ముఠాకి పెద్ద. ఏ చేనుకి ఎంతమంది ఆడవాళ్ళు కావాలో గట్టు మీద నిలబడి చూసి చెప్పేది. చెరువులో ఊడ్చేదేం ఉంది? ముఠా చెదిరిపోయింది. నాన్నకు మాత్రం ఒక చెరువు దగ్గర కాపలా పని దొరికింది. చెరువులకు మగవాళ్ళు కావాలి, ఆడవాళ్ళు అక్కర్లేదు. అమ్మ కొన్నాళ్ళు గుమ్మంలో కూర్చుని రోడ్డు వైపు చూసేది. తర్వాత ఒకరోజు నన్ను పిలిచి, "పిండిమర పెడదామనుకుంటున్నానే," అంది.

ఆ ఆలోచన ఆషామాషీ కాదు. పేటలో ఎవరికి పిండి కావాలన్నా, కారం కావాలన్నా కాలవ వంతెన దాటి పక్క ఊరు వెళ్ళాలి. క్రిస్మస్ ముందు అరిసెలకు తడిబియ్యం నెత్తిన పెట్టుకుని అక్కడ లైను కట్టేవాళ్ళం. పైకులాల వాళ్ళవి ముందు ఆడించి, మావి ఎప్పటికో ఆడించేవాడు ఆ మిల్లువాడు. ఈలోపు బియ్యం తడారిపోయి పిండి పాడయ్యేది. మన పేటలోనే మర ఉంటే రోజూ పనే అని అమ్మ లెక్క. కొవ్వూరులో ఒకతను తన పాత మర అమ్మేస్తున్నాడని తెలుసుకుంది. నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. అతను స్విచ్చి వేసి గుప్పెడు గోధుమలు పోస్తే, అమ్మ కిందికి వచ్చిన పిండిని వేళ్ళ మధ్య రాసి చూసి, "రాయి బిగించాలండి, బరకొస్తుంది," అంది. అతను అమ్మ వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసి, "మీవారు రాలేదాండీ?" అన్నాడు. "మర నేను నడుపుతానండి, ఆయన కాదు," అంది అమ్మ. తిరిగొచ్చే దారంతా అమ్మ నడక వేగంగా ఉంది. మీద చెయ్యి వేస్తే ఎగిరి గంతేస్తుందేమో అన్నట్టు ఉంది.

మరకీ, కరెంటు పనికీ కలిపి అరవై వేలు కావాలి. సమాజం డబ్బు అంతకు కాస్త పైనే ఉంది. అంత మొత్తం ఒక్కరికే ఇవ్వడం ఎప్పుడూ లేదు. అయినా ఆడవాళ్ళు ఒప్పుకున్నారు. తమకూ మర దగ్గరవుతుందని కొందరు, అమ్మ మాట తప్పదని కొందరు. సమాజానికి పెద్దగా ఉన్న ఆవిడ ఒకప్పుడు అంగన్‌వాడీలో ఆయాగా చేసింది, పేటలో అందరికీ పెద్దమ్మే. ఆవిడ అమ్మ భుజం తట్టి, "వచ్చే సోమవారం బ్యాంకుకి వెళ్దాం," అంది. నాన్నకు చెప్పలేదు. మర గుమ్మంలోకి వచ్చాక చెప్పొచ్చులే అనుకుంది అమ్మ. ఇరవై రెండేళ్ళ సంసారంలో ఆయన్ని అడక్కుండా ఆమె తీసుకున్న మొదటి నిర్ణయం అదే.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ కార్యదర్శి గారు అందరినీ కూర్చోమన్నారు. ఆయన రిటైరైన మాస్టారు, మాట చాలా మెత్తన. గుడి ముందు ఆర్చి కట్టాలని పెద్దలు అనుకుంటున్నారని చెప్పారు. పక్క ఊరి గుడికి ఆర్చి ఉంది, మాకు లేదు. అంతకు మించిన కారణం నాకైతే ఈ రోజుకీ తెలియదు. చందాలు చాలలేదట. ఆయన ఆడవాళ్ళ వైపు తిరిగి చేతులు జోడించారు.

"మన అమ్మగార్లు పిడికెడు పిడికెడు కూడబెట్టిన దేవుని సొమ్ము బ్యాంకులో ఊరికే ఉందండి. దేవుని సొమ్ము దేవుని పనికి వాడుకుందామంటే వాళ్ళు కాదంటారని నేననుకోను. ఏమంటారు పెద్దమ్మగారూ?"

పెద్దమ్మ లేచి నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుంది. ఎదురుగా కుర్చీల్లో మగవాళ్ళందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె మొగుడూ అక్కడే ఉన్నాడు, కొడుకూ అక్కడే ఉన్నాడు.

"దేవుడి సొమ్మేనండి. మేమేమంటామండి," అంది.

నేనా రోజు ఆవిణ్ణి మనసులో ఎన్ని తిట్లు తిట్టానో! తర్వాత ఆలోచిస్తే ఆవిడ మాత్రం ఇంకేం చెప్పగలదు? కాదండీ, ఇది మాది, మేం వడ్డీలకు తిప్పుకుంటున్నాం అంటే పేటలో మొగుళ్ళందరూ ఒక్కసారే వింటారు. ఆ సాయంత్రానికే ప్రతి ఇంట్లో ఒకడు లేచి నాకింత కావాలంటాడు. మొగుళ్ళ నుంచి కాపాడుకోవడానికి దేవుడి పేరు పెట్టుకున్నారు. ఆ మొగుళ్ళే తెల్లచొక్కాలు వేసుకుని దేవుడి తరఫున వచ్చి అడిగేసరికి వీళ్ళ దగ్గర మాట లేకపోయింది.

నా పక్కన అమ్మ సగం లేచింది. "అది కాదండీ..." అంది.

"చెప్పమ్మా, చెప్పు," అన్నారు మాస్టారు, ఎంతో ప్రేమగా. అందరూ ఇటు తిరిగారు. పెద్దల వరసలోంచి నాన్న కూడా తిరిగి చూశాడు. ఆయన మొహంలో ఉన్నది కోపం కాదు, ఇది ఎందుకు లేచిందా అన్న ఆశ్చర్యం. అమ్మ నోరు తెరిచింది. చెప్పాలంటే మొత్తం చెప్పాలి. నాన్న ముందు, అందరి ముందు, మరతో సహా చెప్పాలి.

"ఏం లేదండి," అని కూర్చుంది.

ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నారు. మగవాళ్ళందరూ ఎత్తారు, నాన్నతో సహా. ఆడవాళ్ళలోనూ చాలామంది ఎత్తారు. అమ్మ ఎత్తలేదు. ఎత్తనివాళ్ళను ఎవరూ అడగలేదు. సోమవారం నాడు బ్యాంకుకి వెళ్ళడం వెళ్ళారు, అనుకున్న రోజు తప్పలేదు. కాకపోతే పెద్దమ్మను కార్యదర్శి గారి బండి వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళి సంతకం పెట్టించారు. తిరిగొచ్చేటప్పుడు టీ కూడా ఇప్పించారట. ఆ టీ సంగతి విన్నప్పుడు నాకు వచ్చినంత ఏడుపు, డబ్బు పోయినప్పుడు కూడా రాలేదు.

ఆ ఆదివారం సాయంత్రమే అమ్మ నాన్నకు మర సంగతి చెప్పేసింది. ఆయన నిజంగానే బాధపడ్డాడు. "ముందే చెప్పుంటే చెయ్యెత్తేవాణ్ణి కాదు గదే," అన్నాడు. కాసేపు తల గోక్కుని, "అయినా దేవుడి సొమ్మని ఇన్నేళ్ళూ నాకు చెప్పింది నువ్వే గదా?" అన్నాడు. ఎగతాళికి అనలేదు. తెలియకే అడిగాడు. అమ్మ మర్నాడు పొద్దున్న సమాజం డబ్బా కడిగి ఆరబెట్టి అందులో కందిపప్పు పోసింది.

ఆర్చి లేచింది. నల్లరాయి మీద సంఘ పెద్దల పేర్లు బంగారు రంగులో చెక్కించారు. మా నాన్న పేరూ ఉంది. స్త్రీల సమాజం అన్న మాట ఎక్కడా లేదు. రాయి సరిపోలేదట.

అమ్మ మొండిది, మర మాత్రం వదల్లేదు. వారం వారం కిస్తీలు కట్టించుకునే ప్రైవేటు అప్పుల కంపెనీ ఒకటి అప్పటికే పేటలోకి వచ్చింది. మంగళవారం పొద్దున్నే టై కట్టుకున్న కుర్రాడొకడు బండి మీద వస్తాడు. ఆడవాళ్ళను వరసల్లో చాప మీద కూర్చోబెడతాడు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలి, అందరివీ వచ్చేదాకా ఎవరూ లేవకూడదు. అప్పు ఆడవాళ్ళకే ఇస్తారు. ఆడవాళ్ళు సొంత కాళ్ళ మీద నిలబడాలన్నది కంపెనీ ఆశయమని గోడకు కట్టిన బ్యానరు మీద ఉంది. అమ్మ వివరం అంతా విని కాగితాలు ఇవ్వబోతే ఆ కుర్రాడు, "మీ ఆయన్ని కూడా రమ్మనండమ్మా, ఫొటో తియ్యాలి, సంతకం కావాలి," అన్నాడు.

"అప్పు నాకు గదా బాబూ. కట్టేది నేనే."

"ఆయ్, మీకేనండి. కానీ రూలండి."

నాన్న తల దువ్వుకుని, తెల్లచొక్కా వేసుకుని వచ్చి అమ్మ పక్కన నిలబడ్డాడు. ఆ కుర్రాడు ఫోనులో ఇద్దరికీ ఫొటో తీశాడు. ఆ ఫొటో నేను చూశాను. నాన్న ఛాతీ ముందుకు పెట్టి నిలబడ్డాడు, అమ్మ ఆయన కంటే ఒక అడుగు వెనక ఉంది. వెనక్కి వెళ్ళమని ఎవరూ చెప్పలేదు.

డబ్బు అమ్మ ఖాతాలోనే పడింది. మర వచ్చింది. ఇంటి ముందు రేకుల షెడ్డు వేశారు. ఇల్లు నాన్న పేరు మీద ఉంది కాబట్టి మర కరెంటు మీటరు ఆయన పేరు మీదే ఇచ్చారు. మీటరు ఆయనది కాబట్టి పంచాయతీ లైసెన్సు ఆయన పేరు మీదే ఇచ్చారు. లైసెన్సు ఆయనది కాబట్టి బోర్డు రాసేవాడు ఎవర్నీ అడక్కుండానే ప్రొప్రయిటరు అని ఆయన పేరు రాసేశాడు. ఒక్క కిస్తీ మాత్రం అమ్మ పేరు మీద ఉంది. ఇందులో కుట్ర చేసినవాడు ఒక్కడూ లేడు, అదే నన్ను ఎక్కువ మండిస్తుంది. ఎవరో ఒకరు కావాలని చేసి ఉంటే వాణ్ణి పట్టుకుని దులిపేదాన్ని.

మొదట్లో అమ్మే నడిపింది. ఆ కొద్ది నెలలూ అమ్మ రెప్పల మీద ఎప్పుడూ తెల్లగా పిండి ఉండేది. అరిసెల పిండి ఎలా ఉండాలో, దోసెల పిండి ఎలా ఉండాలో ఎవరూ చెప్పక్కర్లేదు. పేటలోవాళ్ళే కాదు, వంతెన అవతలి నుంచి కూడా వచ్చేవారు. వచ్చిన డబ్బులు కొంగున ముడేసుకునేది. మంగళవారం కిస్తీ పోగా మిగిలిన దాంతో నాకొక చేతి గడియారం కొంది. నన్ను అడిగి కాదు, నాన్నను అడిగీ కాదు. తనకు కొనాలనిపించి కొంది.

తర్వాత నాన్నకు చెరువు గట్ల మీద తిరిగి తిరిగి మోకాళ్ళు నొప్పులు పట్టాయి. కాపలా పని మానేశాడు. ఇంట్లో కూర్చున్న మనిషికి మర కనిపించింది. "కరెంటు మిషను దగ్గర ఆడమనిషి ఎందుకే, బెల్టులో చీర చుట్టుకుంటే ఏం కానూ?" అన్నాడు. పేటంతా ఆ మాటకు మెచ్చుకుంది. పెళ్ళాం మీద ఎంత ప్రేమ అనుకున్నారు. ఆయన షెడ్డులో కుర్చీ వేయించుకుని, డబ్బులకు డ్రాయరున్న బల్ల చేయించుకున్నాడు. సంఘ పెద్దలు వస్తే డబ్బు తీసుకునేవాడు కాదు. స్నేహితులకు అరువు. అడిగినవాళ్ళకు చేబదులు. ఆయన మంచితనానికి అంతు లేదు, దానికి కిస్తీలు కట్టేది అమ్మ.

సోమవారం సాయంత్రం అమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడి, "ఏమయ్యా, రేపు కిస్తీ," అనేది. తన మర కోసం తను తెచ్చిన అప్పు కట్టడానికి ఆయన దగ్గర చెయ్యి చాపేది. ఉన్న వారం ఇచ్చేవాడు. ఒక సోమవారం డ్రాయరు ఖాళీ. ఎవరో బంధువు ఆసుపత్రి ఖర్చులకు అడిగితే మొత్తం ఇచ్చేశాడట. మంగళవారం ఆడవాళ్ళందరూ చాప మీద కూర్చునే ఉన్నారు. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చినవాళ్ళు, పిల్లలకు బస్సు వచ్చే వేళైనవాళ్ళు, ఒక్కరూ లేవడానికి లేదు. ఒకావిడ అమ్మకు వినపడేలా, "మిల్లు పెట్టుకున్నోళ్ళకే డబ్బుల్లేపోతే మాలాంటోళ్ళం ఎలాగండి?" అంది. చివరికి తలా కొంచెం వేసి కట్టారు. షెడ్డులో మర ఆడుతున్న చప్పుడు అక్కడిదాకా వినిపిస్తూనే ఉందని అమ్మ, అప్పటికే అత్తవారింట్లో ఉన్న నాకు ఫోనులో చెప్పింది. ఆ వారమే రొయ్యల షెడ్డులో పనికి కుదిరింది.

రొయ్యల షెడ్డంటే, చెరువుల్లో పట్టిన రొయ్య తలలు తీసి, పొట్టు వలిచే చోటు. వ్యాను వచ్చి ఆడవాళ్ళను ఎక్కించుకుపోతుంది. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి నిలబడి వలవాలి. ఎంత తోముకున్నా ఆ వాసన పోదు, గోళ్ళ పక్కన చర్మం లేచిపోతుంది. శనివారం కూలి ఇస్తారు, మంగళవారం అది కిస్తీకి పోతుంది. పొలాలు మింగిన చెరువుల రొయ్యల్నే వలిచి, తను నడపని మర అప్పు తీరుస్తోంది మా అమ్మ.

ఒకసారి నేను నాన్నతో గట్టిగానే పోట్లాడాను. డ్రాయరుకు తాళం వేసి, తాళంచెవి అమ్మకివ్వమన్నాను. ఆయన నవ్వేశాడు. "తాళం ఏంటే పిచ్చిదానా! డ్రాయరు తీసే ఉంటుంది. మీ అమ్మని ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోమను," అన్నాడు. నిజమే, అది ఎప్పుడూ తీసే ఉంటుంది. అమ్మ వ్యాను దిగి వచ్చేసరికి అందులో చిల్లర తప్ప ఏమీ ఉండదు.

అమ్మ సంగతి చూసి నేను బాగుపడ్డానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నేను పెళ్ళయి రాజమండ్రిలో ఉంటున్నాను, ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్‌లో పని. బ్యాంకు ఖాతా తెరిచిన రోజు నా ఫోను పాడై ఉంటే మా ఆయన తన నంబరు ఇచ్చారు. ఇప్పటికీ నా జీతం పడిన మెసేజి ముందు ఆయనకే వస్తుంది. "పడిందోయ్," అని ఆయన చెప్తే నాకు తెలుస్తుంది. నంబరు మార్పించుకుంటానంటే, "నా మీద నమ్మకం లేదా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వేసే ముందు మొహం ఎంత అమాయకంగా పెట్టాలో వీళ్ళందరికీ ఎవరు నేర్పుతారో తెలియదు.

మొన్న సెలవు పెట్టి మా ఊరు వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాల వేళ ఒక కాలేజీ పిల్ల ట్యాబు పట్టుకుని వచ్చింది. అప్పులు తీసుకున్న ఆడవాళ్ళ మీద ఏదో సర్వే అట. చెమటలు కక్కుతూ, మొహం వాడిపోయి ఉంది. అమ్మ ఆ పిల్లకు మంచినీళ్ళిచ్చి, మర షెడ్డులో బెంచీ మీద కూర్చోబెట్టి, తను నిలబడే గబగబా అన్నం తింటూ సమాధానాలు చెప్పింది. రెండింటికి వ్యాను వస్తుంది. నాన్న మర్యాద తెలిసిన మనిషి కదా, మాటలు వినపడవని మర ఆపేసి కుర్చీలో కూర్చున్నాడు.

అప్పు ఎంత, ఎందుకు తీసుకున్నారు, వారానికి ఎంత, అన్నీ అయ్యాయి. ఆ పిల్ల తెర మీద చదువుతూ, "మీ ఇంట్లో డబ్బు విషయంలో నిర్ణయం ఎవరు తీసుకుంటారండి? భార్యా, భర్తా, ఇద్దరూ కలిసా?" అంది. తర్వాత నాన్న వైపు బెరుగ్గా చూసి, "సార్, ఇది ఆవిడ ఒక్కరే ఉన్నప్పుడు అడగాలండి. మీరు కొంచెం పక్కకి..." అని నసిగింది.

"నేనేం అననమ్మా, అడుగు," అన్నాడు నాన్న, కుర్చీలోంచి కదలకుండా. అమ్మ ఇంకో ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఆమె ఇబ్బంది పడుతోందనుకున్నాడేమో, ఆయనే అందుకున్నాడు. "చెప్పవే, మొహమాటం ఏంటి? నువ్వే అని చెప్పు. మర ఆలోచన నీదే గదా? అప్పు తెచ్చింది నువ్వే గదా? నేనే చెప్తున్నాను గదా, చెప్పు."

ఆయన మొహంలో గర్వం కనిపించింది. పెళ్ళానికి ఇంత విలువిచ్చే మనిషిని నేను అన్న గర్వం. నా ఒళ్ళు మండిపోయి ఏదో అనబోయాను. అమ్మ ఎంగిలి చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపింది.

"రాసుకో అమ్మా," అంది ఆ పిల్లతో. "నేనేనని చెప్పమని ఆయన నిర్ణయించారు."

ఆ పిల్లకు అర్థం కాలేదు. నాన్నకూ కాలేదు, ఆయన సరిగ్గానే ఉందన్నట్టు తల ఊపాడు. తెర మీద మూడు గళ్ళున్నాయి. ఆ పిల్ల వేలు వాటి మీద తారాడింది. "అయితే ఏది పెట్టమంటారండి?" అని అడిగింది.

"నీ ఇష్టం తల్లీ," అంది అమ్మ, చెయ్యి కడుక్కుంటూ. "నా డబ్బు సంగతి ఇన్నాళ్ళూ అందరూ తేల్చారు. నువ్వు ఆడపిల్లవి, ఒక్కసారి నువ్వు తేల్చు."

వ్యాను హారన్ వినిపించింది. అమ్మ తలకు గుడ్డ చుట్టుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, భార్య అన్న గడిలో నొక్కి, "థాంక్సండి," అని నాన్నతో చెప్పింది.